జెబెల్ హఫీత్ ఒక్కరోజు ట్రిప్: దుబాయ్, షార్జా నుంచి వెళ్లేవాళ్ల కోసం

శ్రీనివాస్_షార్జా
శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. మాల్స్, బీచ్, ఎత్తైన బిల్డింగులు అన్నీ చూపించాక "మనుషులు కట్టినవన్నీ చూశాను, ఈ దేశంలో దేవుడు పెట్టిన కొండ ఒక్కటీ లేదా?" అంది. అందుకని ఇవాళ అల్ అయిన్ దగ్గరి జెబెల్ హఫీత్‌కి తీసుకెళ్లాను. వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. తెలిసినవాళ్లు ఏమైనా కలిపితే సంతోషం.

దారి: షార్జా నుంచి ఎమిరేట్స్ రోడ్డు పట్టుకుని, అక్కణ్ణుంచి దుబాయ్-అల్ అయిన్ రోడ్డు (ఈ66) ఎక్కాం. ఇలా వెళ్తే సాలిక్ (దుబాయ్ టోల్) గేటు తగలదు. పొద్దున్నే బయల్దేరితే రెండు గంటల్లోపు అల్ అయిన్‌లో టిఫిన్ తినొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. దుబాయ్‌లో బోర్డు మీది స్పీడుకి ఇంకో 20 కలుపుకుని నడపడం మనందరికీ అలవాటు. అబుదాబి ఎమిరేట్‌లో ఆ 20 వెసులుబాటు 2018 ఆగస్టులోనే ఎత్తేశారు, అల్ అయిన్ ఆ ఎమిరేట్ కిందకే వస్తుంది. అక్కడ బోర్డు మీద ఎంతుంటే అంతే. దాటితే ఇంటికొచ్చేలోపే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

కొండ మీది రోడ్డు 11.7 కిలోమీటర్లు, 60 మలుపులు. 1980లో వేసిన రోడ్డు, కానీ ఇప్పటికీ అద్దంలా ఉంది. మూడు లైన్లు: పైకి రెండు, కిందికి ఒకటి. తిరుమలలో ఎక్కడానికో ఘాట్, దిగడానికో ఘాట్ కదా, ఇక్కడ రెండూ ఒకే రోడ్డు మీద. అమ్మ ప్రతి మలుపుకీ గోవిందా అంటూనే ఉంది. కొండ ఎత్తు 1,249 మీటర్లని చెప్తారు. రోడ్డు చివర పెద్ద పార్కింగ్, కాఫీ షాపు, టాయ్‌లెట్లు ఉన్నాయి. పైనున్న ప్యాలెస్ వైపు వెళ్లనివ్వరు.

దిగాక కొండ కిందే ఉన్న గ్రీన్ ముబజ్జరాలో కూర్చుని పులిహోర తిన్నాం. అక్కడ వేడినీటి ఊటలు ఉన్నాయి, కాలవలా కట్టారు, అందరూ కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు. అమ్మ మోకాళ్లకి కొండ కంటే అదే బాగా నచ్చింది.

రెండు ప్రశ్నలు. జూలైలో చెల్లెలి కుటుంబం వస్తోంది, పిల్లలతో అప్పుడు వెళ్లొచ్చా? అల్ అయిన్‌లో ఇంకేం చూడాలి?


దుబాయ్_దొర
శనివారం, రాత్రి 11:15

అరవై మలుపులు తిరిగి పైకెళ్తే పార్కింగ్. ఆ పార్కింగేదో దుబాయ్ డేరా ఏరియాలో మా బిల్డింగ్ కింద దొరికితే చాలు, మొక్కుకుంటాను.

సీరియస్‌గా అడుగుతున్నా. చెట్టు లేదు, పుట్ట లేదు, జలపాతం లేదు. మూడొందల కిలోమీటర్లు తిరిగి చూసొచ్చింది రాళ్లనేనా?


కువైట్_రమణ
ఆదివారం, అర్ధరాత్రి 12:05

దొరగారూ, మీకు కొండ ఉంది కాబట్టి వెటకారం. కువైట్ రండి చూపిస్తాను. ముత్లా అని ఒక గట్టు ఉంది, నూట నలభై మీటర్ల పైచిలుకు. అదే మా హిమాలయం. శీతాకాలం వస్తే ఊరంతా దాని చుట్టూ టెంట్లు. బహ్రెయిన్‌లో ఉన్న మా బావ అయితే తమ జెబెల్ దుఖాన్ 134 మీటర్లని ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్తాడు. మాది రాజంపేట వైపు, పాలకొండలు చూస్తూ పెరిగినవాళ్లం. వాటి ముందు ఇవి అరుగులు.


బ్రేక్_బాబు
ఆదివారం, ఉదయం 7:20

శ్రీనివాస్ గారు ఎక్కడం గురించి రాశారు, దిగడం గురించి రాయలేదు. అజ్మాన్‌లో గ్యారేజీ పని చేస్తాను కాబట్టి ఆ ముక్క నేను చెప్తా.

శని, ఆదివారాల తర్వాత మా దగ్గరికి వచ్చే బండ్లలో కొన్ని ఇలాంటి కొండలు దిగొచ్చినవే. బ్రేక్ డిస్కు నీలంగా మారి ఉంటుంది, ప్యాడ్ మాడిన వాసన. కారణం ఒక్కటే: గేరు 'డి'లో పెట్టి, పై నుంచి కిందిదాకా బ్రేక్ మీద కాలు తియ్యకుండా దిగడం. ప్యాడ్ బాగా వేడెక్కితే పట్టు పోతుంది. బ్రేక్ ఆయిల్ పాతదై అందులో తేమ చేరి ఉంటే అది మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. కొండ మధ్యలో పెడల్ మెత్తబడితే మీ అమ్మగారు అనే గోవిందా నామమే దిక్కు.

ఆటోమేటిక్ బండిలో 'ఎల్' గానీ '2' గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉంటుంది, అందులో పెట్టండి. ఇంజను గీ పెడుతుంది, కంగారు పడకండి, అదే మీ బండిని పట్టుకుంటోంది. బ్రేక్ అవసరమైనప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి వదిలెయ్యండి, నిమురుతూ కూర్చోవద్దు. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపు ముందే స్పీడు తగ్గాలి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, పక్కన ఆగే చోట్లు చాలా ఉన్నాయి, ఆగండి. వేడి మీదున్న రేడియేటర్ మూత మాత్రం తియ్యొద్దు, చేతులు కాల్చుకున్నవాళ్లని చూశాను.

అద్దె కారు తీసుకునేవాళ్లు టైర్ల తయారీ తేదీ చూసుకోండి. పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఒక అద్దె కంపెనీ మా కస్టమర్‌కి ఏడేళ్ల టైర్లున్న బండి అంటగట్టింది. పైకి కొత్తవాటిలా నల్లగా మెరుస్తున్నాయి, పక్క గోడల మీద వేలితో వంచి చూస్తే సన్నని పగుళ్లు.


సిస్టర్_లత
ఆదివారం, మధ్యాహ్నం 2:30

అల్ అయిన్‌లోనే ఉంటాను, నర్సుగా పని చేస్తున్నా. జూలై గురించి ఒక్క మాటలో: వద్దు.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే రూలు పెట్టింది. పనికి అలవాటుపడ్డ ఒంటికే తట్టుకోలేని ఎండ అది, ఇండియా నుంచి నిన్న దిగిన పిల్లలకి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. తప్పదంటే సాయంత్రం పొద్దుగూకాక కారులోనే పైకెళ్లి, లైట్లు చూసి, దిగిపోండి. అల్ అయిన్ రాత్రిపూట పై నుంచి చాలా బాగుంటుంది. నవంబర్ నుంచి మార్చి దాకా అయితే ఏ టైమైనా పర్వాలేదు.

వడదెబ్బ గురించి కూడా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లు దాహమేస్తేనే నీళ్లు తాగుతారు. తల తిరగడం, వాంతి, కాళ్లు పట్టెయ్యడం మొదలైతే అప్పుడే నీడకి తీసుకెళ్లి ఓఆర్ఎస్ ఇవ్వండి. మనిషి మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది ఇంకో మెట్టు. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి, స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, వెంటనే 998కి ఫోన్ చెయ్యండి. అది అంబులెన్స్ నంబరు.

పిల్లలకి మలుపుల్లో వాంతులు వస్తాయి. ఫోన్ చేతికి ఇవ్వకండి, ముందుకి రోడ్డు చూడమనండి. ఖాళీ కడుపూ వద్దు, కడుపు నిండా బిర్యానీ కూడా వద్దు.

చూడాల్సినవంటే ఊరి మధ్యలో అల్ అయిన్ ఒయాసిస్. 1,47,000 ఖర్జూరపు చెట్లు, వాటి మధ్యలో పాతకాలపు ఫలజ్ కాలవలు. ఎండాకాలంలో కూడా లోపల నడవగలిగేంత నీడ. అల్ జాహిలీ కోట కూడా చూడండి, 1891లో కట్టింది. దొరగారూ, చెట్టూ పుట్టా అన్నారుగా, చెట్లు కిందే ఉన్నాయి. కొండ మీద కూడా శుభ్రంగా వెతికితే తెల్ల రాబందులు కనిపిస్తాయి. అంచున నిలబడితే మన కళ్ల కిందుగా ఎగురుతాయి, పక్షి వీపు చూడ్డం నాకు అక్కడే కుదిరింది.


జగిత్యాలోడు
ఆదివారం, రాత్రి 9:10

అన్నలకు, అక్కలకు నమస్తే. దుబాయ్ల అల్ కూజ్ లేబర్ క్యాంపుల ఉంట. రాతి పని, టైల్స్ పని. మీరు రాసినవన్నీ కార్లున్నోళ్ల ముచ్చట్లు. మా రూముల ఆరుగురం, ఒక్కరికి గూడ లైసెన్స్ లేదు. ఆదివారం ఒక్కటే సెలవు. ఒక్కరోజుల పోయి రావొచ్చా? ఎంతైతది? పొద్దుగాల పోతే రాత్రి పది లోపు క్యాంపుల ఉండాలె.


ఎడారి_ఎంకి
ఆదివారం, రాత్రి 9:45

తమ్ముడూ, మా బిల్డింగ్‌లో ఒకాయన సొంత వ్యాన్ నడుపుతాడు, మనిషికి ఇంతని తీసుకుని ఎక్కడికైనా తిప్పుతాడు. నంబరు మెసేజ్ పెట్టనా?


పర్యవేక్షకుడు
ఆదివారం, రాత్రి 10:02

ఎంకి గారూ, నంబర్లు వద్దు. లైసెన్స్ లేకుండా డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పడం ఇక్కడ నేరం. పట్టుబడితే బండి ఆయనకి పెద్ద జరిమానా, దారిలో బండి ఆపేస్తే ఆరుగురూ నడిరోడ్డు మీద ఉంటారు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ గొడవ వేరే.


సిస్టర్_లత
ఆదివారం, రాత్రి 10:30

తమ్ముడూ, బస్సు ఉంది. బర్ దుబాయ్‌లో అల్ గుబైబా బస్ స్టేషన్ నుంచి ఈ201, నేరుగా అల్ అయిన్ వస్తుంది. టికెట్ పాతిక దిర్హాముల చుట్టూ ఉంటుంది, నోల్ కార్డులో (దుబాయ్ బస్సు, మెట్రో చార్జీల కార్డు) రానూపోనూ సరిపడా డబ్బు ముందే వేసుకోండి. మేము మొదట్లో అలాగే తిరిగేవాళ్లం. అల్ అయిన్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోండి, ఆరుగురంటే రెండు టాక్సీలు. అసలు విషయం ఏమిటంటే కొండ పైన ఖాళీ టాక్సీ దొరకదు. ఎక్కించినవాణ్ణే అక్కడ ఆగమని చెప్పి, వెయిటింగ్ సంగతి ముందే మాట్లాడుకుని ఎక్కండి. లేదంటే 11.7 కిలోమీటర్లు కాలినడకన దిగాలి. సాయంత్రం బస్సుకి రద్దీ ఉంటుంది, చివరి బస్సు దాకా ఆగకండి.


రాళ్లపిచ్చి
సోమవారం, సాయంత్రం 6:50

ఆలస్యంగా చూశాను. దుబాయ్_దొర గారు "రాళ్లేనా" అన్నారు కాబట్టి ఇక ఆగలేను. అబుదాబి చమురు క్షేత్రాల్లో జియాలజిస్టుని, రాళ్లే నా జీతం.

జెబెల్ హఫీత్ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 26 కిలోమీటర్ల పొడవు, నాలుగైదు కిలోమీటర్ల వెడల్పు. చుట్టూ చదునైన ఎడారి, మధ్యలో ఇదొక్కటే లేచి ఉంటుంది. ఇది నిప్పులు కక్కి పుట్టిన కొండ కాదు. సముద్రం అడుగు. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చని, లోతు తక్కువ సముద్రం ఉండేది. అందులో బతికి చచ్చిన జీవుల సున్నపు పెంకులు పొరలు పొరలుగా పేరుకుని సున్నపురాయి అయ్యాయి. తర్వాత భూమి పొరలు పక్కల నుంచి నొక్కుకుపోయి ఈ పొరలు మధ్యలో పైకి ఉబ్బాయి. రోడ్డు ఎక్కేటప్పుడు కొండని కోసిన చోట్ల చూడండి, పొరలు అడ్డంగా ఉండవు, ఏటవాలుగా పడుకుని ఉంటాయి. తూర్పు వైపు ఇంకా నిటారుగా ఉంటాయి. మా పని భాషలో దీన్ని యాంటీక్లైన్ అంటారు. భూమి లోపల ఇలాంటి ఉబ్బుల కిందే చమురు చిక్కుకుంటుంది. ఈ దేశపు చమురు సంపాదన చాలావరకు ఇలాంటి ఆకారాల నుంచి వచ్చిందే, కాకపోతే అవి కిలోమీటర్ల లోతున ఉంటాయి. కళ్లతో చూడగలిగేది ఇక్కడ.

పార్కింగ్‌లో కాఫీ తాగుతూ పక్కనున్న రాతి ముఖం మీదికి వంగి చూడండి. కందిపప్పు గింజ నుంచి రూపాయి బిళ్ల దాకా గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. పక్కకి విరిగినవైతే కంటి ఆకారంలో ఉండి, లోపల సన్నని చుట్లు కనిపిస్తాయి. అవి నమ్యులైట్లు. ఒకే ఒక్క కణంతో అంత పెద్దగా పెరిగిన సముద్ర జీవులు. గిజా పిరమిడ్ల రాళ్లలో కూడా ఇవే ఉంటాయి. కొద్దిగా నీళ్లు చల్లి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. చూడండి, ఫోటో తీసుకోండి, అంతేగానీ సుత్తితో కొట్టి జేబులో వేసుకోవద్దు. అది రక్షిత ప్రాంతం.

చలి సంగతి: ఎత్తుకి పోయే కొద్దీ వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, పొడి గాలిలో ఇంకాస్త ఎక్కువే. జనవరిలో పెద్దవాళ్లని తీసుకెళ్తే శాలువా ఉండాలి.


కువైట్_రమణ
సోమవారం, రాత్రి 8:15

సార్, సున్నపురాయి అంటే మా కడప నాపరాయి లాంటిదేనా? మా ఇంటి నేల, అరుగు, గోడ అన్నీ అదే. చిన్నప్పటి నుంచి దాని మీద పడుకున్నాం, ఒక్క గవ్వ మచ్చ కూడా చూడలేదే?


రాళ్లపిచ్చి
సోమవారం, రాత్రి 9:00

మంచి ప్రశ్న. రాయి జాతి ఒకటే, వయసు వేరు. మీ నాపరాయి ఏర్పడ్డ కాలానికి భూమ్మీద పెంకున్న జంతువులే లేవు. అందుకే అంత నున్నగా, శుభ్రంగా పలకలు పలకలుగా లేస్తుంది. మీ అరుగు ముందు ఈ హఫీత్ నిన్నటి పిల్ల. బెలుం గుహలు కూడా అలాంటి పాత సున్నపురాయిలోనే తొలిచి ఉన్నాయి.

ఇంకో మాట. అందరూ పైకి వెళ్లి దిగిపోతున్నారు, నన్నడిగితే అసలైంది కొండ కింద తూర్పు పక్కన ఉంది. దాదాపు 5,000 ఏళ్ల నాటి రాతి సమాధులు. కొండ చుట్టుపక్కల మొత్తం ఐదొందల దాకా ఉన్నాయంటారు, ఉత్తరం వైపువి కట్టడాల వల్ల కొంత పోయాయి, దక్షిణం వైపువి బాగున్నాయి. గుండ్రంగా, తేనెపట్టు ఆకారంలో ఉంటాయి, ఒక్కోదాంట్లో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా పాతిపెట్టేవారు. 1959లో డేనిష్ పురావస్తు శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలో తవ్వకాలు మొదలుపెట్టారు. మెసపొటేమియా తరహా కుండలు, రాగి వస్తువులు దొరికాయి. అంటే ఈ ఎడారి మధ్యలోని మనుషులకి ఇప్పటి ఇరాక్‌తో వ్యాపారం ఉండేది. ఇక్కడి హజర్ కొండల్లో రాగి ఉంది, అక్కడ లేదు. ఈ దేశపు చరిత్రలో ఒక కాలానికే ఈ కొండ పేరు పెట్టారు, హఫీత్ కాలం అని. 2011లో అల్ అయిన్‌లోని మిగతా పాత చోట్లతో కలిపి యునెస్కో జాబితాలోకి ఎక్కింది, యూఏఈకి అదే మొదటిది.


దుబాయ్_దొర
సోమవారం, రాత్రి 9:25

నమ్యులైట్ల దాకా బాగుంది సార్, ఒప్పుకున్నా. కానీ సెలవు రోజు పెళ్లాం పిల్లల్ని తీసుకుని సమాధులు చూడ్డానికి వెళ్లమంటారా? మా అత్తగారు వింటే ఇంటికొచ్చాక నన్ను బయటే నిలబెట్టి తలమీద నీళ్లు పోస్తుంది.


మస్కట్_మాధవి
మంగళవారం, ఉదయం 11:10

దొరగారూ, తాజ్‌మహల్ చూశారా? అది ఏమిటనుకున్నారు?

మస్కట్‌లో టీచర్‌గా పని చేస్తున్నా. మా వైపు కూడా అచ్చం ఇలాంటి తేనెపట్టు సమాధులున్నాయి, బాత్ దగ్గర. వాటికి 1988లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ ఒక చిన్న ఊరి పేరు కూడా అల్ అయిన్, అక్కడ ఒక గుట్ట మీద వరసగా సమాధులు, వెనక జెబెల్ మిష్ట్ అనే గోడలాంటి పెద్ద కొండ. ఆరో తరగతి పిల్లల్ని తీసుకెళ్లాం, ఒక్కరూ భయపడలేదు.

కొండల పిచ్చి ఉన్నవాళ్లు ఎప్పటికైనా ఒమన్ రావాలి. జెబెల్ అఖ్దర్‌లో సైక్ పీఠభూమి 2,000 మీటర్లు. మార్చి, ఏప్రిల్‌లో గులాబీలు కోసి పన్నీరు కాస్తారు, దానిమ్మ తోటలు మెట్లు మెట్లుగా ఉంటాయి. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే మర్యాదగా వెనక్కి తిప్పేస్తారు. జెబెల్ షమ్స్ 3,000 మీటర్లు, దాని లోయ అంచున నడిచే దారి ఉంది. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు దూరంగా ఉండండి. ఇవి దుబాయ్ నుంచి ఒక్కరోజు పని కాదు, రాత్రి ఉండాలి. అల్ అయిన్‌ని ఆనుకునే మా బురైమి ఉంది కదా అని కారు తిప్పేయకండి, ఒమన్ కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ లేకుండా బోర్డర్ దాటొద్దు.


జగిత్యాలోడు
మంగళవారం, రాత్రి 9:30

దొరన్నా, మా దిక్కు గూడ పొలాల్ల ఇట్లాంటివి ఉంటయ్, పెద్ద పెద్ద బండలు నిలబెట్టి మీద ఇంకో బండ కప్పి. రాక్షసగుళ్లు అంటం. చిన్నప్పుడు మేకలు కాస్త వాన పడితే వాటి కిందనే కూసున్నం. ఏం గాలే.

లతక్కకు థ్యాంక్స్. ఈ ఆదివారం పోతున్నం.


శ్రీనివాస్_షార్జా
బుధవారం, ఉదయం 8:05

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. లత గారి పోస్టు చెల్లికి పంపాను. జూలై టికెట్లు రద్దు, డిసెంబర్‌కి చూస్తున్నారు. వాన గురించి అడుగుదామనుకుంటున్నా. డిసెంబర్, జనవరిలో వాన పడితే కొండ మీదికి వెళ్లొచ్చా? ఎడారిలో వాన ఏం చేస్తుందిలే అని మా బావగారు కొట్టిపారేస్తున్నారు.


సిస్టర్_లత
బుధవారం, సాయంత్రం 5:40

మీ బావగారికి 2024 ఏప్రిల్ 16 గురించి చెప్పండి. అల్ అయిన్ పరిధిలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరక్కుండానే 254 మిల్లీమీటర్లు పడింది, రికార్డులు పెట్టడం మొదలయ్యాక ఈ దేశంలో అంత వాన లేదు. ఆ రాత్రి మా డ్యూటీ వాళ్లు ఎవరూ ఇంటికి వెళ్లలేకపోయారు.

కొండ రాయికి నీళ్లు ఇంకవు, పడిందంతా ఒక్కసారిగా వాగుల్లోకి దిగుతుంది. మీ నెత్తి మీద ఎండ కాస్తుండగానే పైన పడ్డ వాన కిందికి వచ్చేస్తుంది. వాన రోజుల్లో వాగులు, డ్యాముల దగ్గర గుమిగూడితే 1,000 దిర్హాముల జరిమానా, లైసెన్స్ మీద ఆరు బ్లాక్ పాయింట్లు. పారుతున్న వాగులోకి బండి దింపితే 2,000, 23 బ్లాక్ పాయింట్లు, బండి 60 రోజులు పోలీసుల దగ్గర. 2023లో పెట్టిన రూలు. మనవాళ్లకి వాగు చూడగానే రీల్ తీయాలనిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా రాశాను.


జగిత్యాలోడు
సోమవారం, రాత్రి 8:50

పోయొచ్చినం అన్నా. ఈ201 బస్సు, తర్వాత రెండు టాక్సీలు. మా డ్రైవర్ పెషావర్ ఆయన, వెయిటింగ్ గూడ మీటర్ మీదనే అన్నడు, మాట మీద నిలబడ్డడు. ఆరుగురికి పంచుకుంటే అందరికీ అందేంతనే అయింది. కోరుట్ల పోరడు ఒకడు బస్సుల పండుకున్నోడు పైన పార్కింగ్‌ల లేచిండు. అరవై మలుపులల్ల ఒక్కటి చూడలే.

ముందుగాల సమాధుల కాడికి పోయినం. రాళ్ల సారు చెప్పకుంటే పోకపోదుము. నాకు చరిత్ర తెల్వదు, పని తెలుసు, దాని గురించే చెప్త.

ఆ గోడల సున్నం లేదు, మన్ను లేదు. రాయి మీద రాయి, అంతే. చెక్కిన రాయి గూడ కాదు, కొండ మీది నుంచి రాలినదే ఏరుకొచ్చిండ్రు. ఒక్కో వరుస కింది వరుస కన్నా రెండు వేళ్లు లోపలికి జరిపిండ్రు. అట్ల జరుపుకుంట పోతే మీద తనంతట తనే మూసుకుంటది. చెప్పుడు అల్కగ ఉంటది గని, చేసి చూడాలె. ప్రతి రాయికి బరువు వెనక దిక్కు ఉండాలె, లోపలికి పొడుచుకొచ్చిన ముక్క చిన్నగ ఉండాలె. ఒక్కటి తప్పు పెడితే అదొక్కటే పడదు, దాని మీదివన్నీ పడతయ్. సందుల్ల చిన్న చిన్న ముక్కలు కొట్టి బిగించిండ్రు. నేను చెయ్యి పెట్టి చూసిన, కదలలే. అక్కడ కొన్ని మళ్ల కట్టినవట. అది తెలుస్తనే ఉన్నది, మళ్ల కట్టిన కాడ రాయి రాయికి సందు ఒక్క తీరుగ ఉన్నది. పాతోళ్లు సందు లెక్క పెట్టలే, రాయి ఏ మూల కూసుంటదో ఆ మూలనే పెట్టిండ్రు.

లోపలికి వంగి పోవాలె. మా మేస్త్రీ రాజేశం మామ బయటికొచ్చి "లెవెల్ గొట్టం లేదు, దారం లేదు, ఎట్ల కట్టిండ్రురా" అనుకుంట దాని చుట్టూ తిరుగుతనే ఉన్నడు. టాక్సీ ఆయన హారన్ కొట్టే దాక రాలే.

పైన గాలి బాగ కొట్టింది. సారు చెప్పిన బిళ్లల రాళ్లు దొరికినయ్, నీళ్లు చల్లి చూసినం. ఇంటికి వీడియో కాల్ చేసి మా బిడ్డకు చూపిస్తే "నాన్నా, రాయిల కండ్లున్నయ్" అన్నది. ఇంకో ముచ్చట, రోడ్డు అంచు గోడ ఒక కాడ ప్లాస్టర్ లేచి ఉన్నది. మా ఫోర్‌మన్ అయితే సంతకం పెట్టకపోవు.


రాళ్లపిచ్చి
సోమవారం, రాత్రి 10:20

తమ్ముడూ, పుస్తకాల్లో దీన్ని రెండు పేరాల్లో రాస్తారు, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. బరువు వెనక దిక్కుకి ఉండాలన్న మాట ఉంది చూశారా, అదే అసలు సూత్రం. రాజేశం మామ అడిగిన దానికి నా దగ్గర సమాధానం లేదు, నా ఊహ మాత్రం మధ్యలో ఒక గుంజ పాతి, దానికి తాడు కట్టి తిప్పి ఉంటారని. ఆయన ఏమంటారో అడగండి.


జగిత్యాలోడు
మంగళవారం, రాత్రి 9:05

అడిగిన సార్. తాడైతే కింది వరుస వరకే పనికొస్తదట, పైకి పోయినాక కన్నే కొలత అంటున్నడు. తాడు కట్టినోడైతే గుండ్రం ఇంకా సరిగ్గ వచ్చేదట, అది ఒక దిక్కు కొద్దిగ ఉబ్బి ఉన్నది అంటున్నడు.


దుబాయ్_దొర
మంగళవారం, రాత్రి 9:40

సరే, వచ్చే శనివారం నేనూ వెళ్తున్నా, అత్తగారికి కోట అని చెప్పాను. బాబు గారూ, మాది పాత బండి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదు. మీ గ్యారేజీ శుక్రవారం మధ్యాహ్నం తర్వాత తెరిచి ఉంటుందా?


బ్రేక్_బాబు
మంగళవారం, రాత్రి 10:15

నాలుగు తర్వాత రండి. టైర్లు కూడా చూస్తాను. ఫిబ్రవరిలో వెళ్లేవాళ్లకి ఒక మాట: యూఏఈ టూర్ సైకిల్ రేసు ఈ కొండ మీదికి వస్తే, ఆ రోజు కొన్ని గంటలు రోడ్డు మూసేస్తారు. ముందు రోజు వార్తలు చూసుకుని బయల్దేరండి.